‘ఏమీ జరగలేదు’ అన్న భర్త: ఒక దక్కనీ సిక్కు దంపతుల కేసు

ఆమెకు 35 ఏళ్లు, లూధియానాలో పుట్టి పెరిగింది. అతనికి 39, పక్కా హైదరాబాదీ. పెళ్లయి పదకొండేళ్లు, తొమ్మిదేళ్ల పాప. అతను గచ్చిబౌలి వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆమె పెళ్లికి ముందు టీచరు, పాప పుట్టాక మానేసింది. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. నేను దంపతుల కౌన్సెలర్‌ని, ఇద్దరి అనుమతీ తీసుకునే ఇది రాస్తున్నాను. ఎవరూ పోల్చుకోకుండా ఊళ్లు, వయసులు, ఉద్యోగాలు కొన్ని మార్చాను.

భర్త వాళ్లు దక్కనీ సిక్కులు. 1832లో, నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, దివాన్ చందూలాల్ కోరితే మహారాజా రంజిత్ సింగ్ లాహోర్ నుంచి పంపిన ఫౌజు వారసులు. అత్తాపూర్ దగ్గర సిక్ ఛావనీ, బరంబాలా గురుద్వారా ఆ కాలం నాటి గుర్తులే. ఇంట్లో పంజాబీ, దక్కనీ కలిపి మాట్లాడతారు. బయట తెలుగు మనలాగే మాట్లాడతారు, బోనాల జాతరకు వెళ్తారు. ఆమెకి ఈ ఇల్లు అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. పాప పుట్టాక ఇద్దరూ నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారాలో కలిసే అమృత్ (సిక్కు దీక్ష) తీసుకున్నారు. ఈ కేసులో ఈ వివరం చాలా ముఖ్యం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పాప స్కూల్ ఫారం ప్రింట్ తీద్దామని ఆమె భర్త లాప్‌టాప్ తెరిచింది. వాట్సాప్ తెరిచే ఉంది. పైన ఒక ఆడపేరు. కింద స్క్రీన్ నిండా ‘ఈ మెసేజ్ డిలీట్ అయింది’ అన్న బూడిద రంగు వరసలు, ఒకదాని కింద ఒకటి. వాటి మధ్య డిలీట్ చేయడం మర్చిపోయిన మెసేజ్ ఒక్కటే మిగిలింది. ‘తిన్నావా?’ అని. నా దగ్గర ఆమె ఏడ్చింది డిలీట్ చేసినవాటి గురించి కాదు. “ఆ మాట నన్నడిగి ఎన్నాళ్లయిందో మేడమ్” అని.

అతని మాట మొదటి నుంచీ ఒక్కటే. పాత ఆఫీసులో పనిచేసిన అమ్మాయి, టెన్షన్‌లో ఉంటే మాట్లాడాడు, అంతే. ఏమీ జరగలేదు.

ఇలాంటి కేసు వచ్చినప్పుడు ఇద్దరినీ ముందు విడివిడిగా చూస్తాను. ఇంట్లో చేయి చేసుకోవడం ఉందా, తాగుడు ఉందా, ఎవరికైనా చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఇవి తేలకుండా కలిపి కూర్చోబెట్టను. ఇక్కడ కొట్టడం లేదు, తాగుడు లేదు. ఆమెకి నిద్ర పూర్తిగా పోయింది. రాత్రి రెండింటికి లేచి అతని ఫోన్ వెతకడం, అతను స్నానానికి వెళ్తే తలుపు దగ్గర నిలబడటం, అన్నం సయించకపోవడం. నిద్ర సంగతి చూడమని ఒక సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. విడిగా కూర్చున్నప్పుడు ఎవరైనా ఒక సంబంధం ఇంకా నడుస్తోందని నాకు చెబితే దాన్ని దాచిపెట్టుకుని జంట కౌన్సెలింగ్ చేయనని కూడా ఇద్దరికీ ముందే చెప్పేశాను. అతను ఆ మాటకి తలూపాడు, అయితే నా వైపు చూడలేదు.

మతాన్ని నా అంతట నేను గదిలోకి తేను. నేను సిక్కును కాను, పైగా శాస్త్రం పేరు చెప్పి ఆడవాళ్లని సర్దుకోమనే పెద్దల్ని రోజూ చూస్తుంటాను. ఈ కేసులో మాత్రం ఇద్దరూ మొదటి రోజే, సిక్కులు గురువుగా కొలిచే గురు గ్రంథ్ సాహిబ్ పేరు ఎత్తారు. ఆమె “గురు మహారాజ్ చుట్టూ నాలుగు సార్లు తిరిగాం, అది తమాషానా?” అంది. అతను “మా మర్యాదలో నిషిద్ధం అన్నది వేరు, నేను ఆ గీత దాటలేదు” అన్నాడు. మాట్లాడింది ఇద్దరూ ఒకే గ్రంథం గురించి, కానీ చెరో వైపు నిలబడి. దాన్ని పక్కన పెట్టి కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్పుతూ కూర్చుంటే లాభం లేదనిపించింది. వాళ్లకి బాగా తెలిసిన, గురుద్వారాలో గ్రంథం చదివే ఒక గ్రంథీ గారితో మాట్లాడటానికి ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్నాను.

అతను చెప్పిన గీత నిజంగానే ఉంది. శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1936లో ఆమోదించి 1945లో సవరించిన సిక్కు రహత్ మర్యాద అనే నియమావళిలో అమృత్ తీసుకున్నవాళ్లు చేయకూడని పెద్ద తప్పులు నాలుగు చెప్పారు. కేశాలు తీయించుకోవడం, హలాల్ పద్ధతిలో కోసిన మాంసం తినడం, పొగాకు, భార్య లేదా భర్త కాని మనిషితో శరీర సంబంధం. వీటిలో ఏది చేసినా అమృత్ భంగమైనట్టే. పంజ్ ప్యారే (అమృత్ ఇచ్చే ఐదుగురు సిక్కులు) ముందు నిలబడి తప్పు ఒప్పుకుని, వాళ్లు వేసిన శిక్ష అనుభవించి, మళ్లీ అమృత్ తీసుకోవాలి.

అతను ఈ నియమాన్ని లాయరు చదివినట్టు చదివాడు. శరీరం అని ఉంది, మెసేజ్ అని లేదు.

కోర్టు కూడా దాదాపు అలాగే చదువుతుంది. ఆమె అన్నయ్య లూధియానా నుంచి ఫోన్ చేసి “వాడి మీద అక్రమ సంబంధం కేసు పెట్టిస్తా” అని గట్టిగా అరిచాడు. ఐపీసీ 497ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టేసిందని, ఉన్న రోజుల్లో కూడా అది భార్య చేతికి వచ్చే సెక్షన్ కాదని, పరాయి మగవాడి మీద భర్త పెట్టే కేసని చెప్పాను. ఆనంద్ వివాహ చట్టం 1909లో వచ్చింది. 2012 సవరణతో దాని కింద రిజిస్ట్రేషన్‌కి వీలు కలిగింది కానీ అందులో విడాకుల మాట లేదు. విడాకులు కావాలంటే సిక్కులు 1955 నాటి హిందూ వివాహ చట్టం కిందికే రావాలి. అక్కడ వ్యభిచారం అంటే శారీరక సంబంధమే. ఉత్త మెసేజ్‌ల మీద క్రూరత్వం అని వాదించుకోవచ్చేమో, అది లాయర్ల పని. అన్నయ్య కాసేపు ఆగి, “అయితే మీరే ఏదో ఒకటి చేయండి” అన్నాడు.

గురుబాణీ (గురువుల వాక్కు) కొలత వేరు. గ్రంథీ గారు నాకు ముందుగా చూపించింది సుఖ్‌మనీ సాహిబ్ అనే ప్రార్థనలో ఐదో గురువు అర్జన్ దేవ్ మాట. పరస్త్రీ రూపాన్ని కళ్లతో కూడా చూడనివాడు అన్నది అక్కడ చెప్పిన లక్షణాల్లో ఒకటి. గీత కంటి దగ్గరే గీశారు, పడక గది దగ్గర కాదు. తర్వాత భాయీ గురుదాస్ వార్‌లలో (పద్య రచనల్లో) మాట. గురు గ్రంథ్ సాహిబ్ తొలి రూపమైన ఆది గ్రంథాన్ని గురు అర్జన్ దేవ్ చెబుతుంటే రాసిన లేఖకుడు ఆయన. ఒక్క భార్యతో ఉన్నవాడే బ్రహ్మచారి, పరాయి స్త్రీ అతనికి కూతురో చెల్లెలో అంటాడు. ఈ మాటలన్నీ మగవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పినవి. మన ఇళ్లలో పాతివ్రత్యం గురించి ఆడపిల్లలకి కథలు కథలుగా చెబుతాం. మగపిల్లాడికి ఏకపత్నీవ్రతం అంటే రాముడి పేరు చెప్పి ఊరుకుంటాం. ఇక్కడ భారం మొదట మగవాడి నెత్తిన పెట్టారు. నా లెక్కలో కేసు మలుపు తిరిగింది ఈ ఒక్క విషయం మీదే.

నామ్‌దేవ్ పదం కూడా ఆయన చూపించారు. మహారాష్ట్ర భక్తుడైనా ఆయన పదాలు గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి. ఇంట్లో భార్యని వదిలి పరాయి స్త్రీ వెంట పడే గుడ్డివాడు బూరుగ చెట్టుని చూసి మురిసిపోయిన చిలక లాంటివాడట. చివరికి దానికే అతుక్కుని చస్తుంది. ఈ పదం సెషన్‌లో చదివినప్పుడు అతను తెలుగులోనే “బూరుగ కాయలో దూది తప్ప ఏముంటుంది మేడమ్” అన్నాడు. అంతకు ముందు ఏం అడిగినా ఇంగ్లిష్‌లోనే జవాబు చెప్పేవాడు.

పెద్దల్ని కూడా ఒకసారి పిలవక తప్పలేదు. అత్తగారు, అతని చాచాజీ (బాబాయి) వచ్చారు. అత్తగారు కూర్చుంటూనే, పదో గురువు గోబింద్ సింగ్ పేరు మీద ఉన్న దశమ్ గ్రంథ్‌లోని చరిత్రోపాఖ్యాన్ నుంచి ఒక పద్యం అందుకున్నారు. సొంత భార్య మీద ప్రేమ రోజురోజుకీ పెంచుకో, పరస్త్రీ పడక వైపు కలలో కూడా వెళ్లకు అని. “మా ఇంట్లో పిల్లలకి ఉగ్గుపాలతో ఇది పట్టించాం, నా కొడుకు అలాంటివాడు కాదు” అన్నారు. నాందేడ్‌లో దశమ్ గ్రంథ్‌ని కూడా కొలుస్తారు, దక్కనీ సిక్కులకి అదే పద్ధతి. పంజాబ్‌లో మాత్రం ఆ భాగం గురు గోబింద్ సింగ్ రాసింది కాదనేవాళ్లు చాలామంది ఉన్నారు. కోడలు అదే అంది. ఇంకేముంది, భర్త సంగతి పోయి ఏ గ్రంథం అసలుదన్న గొడవ మొదలైంది. చాచాజీ కోడలి మీద కేకలేశారు. ఆ గొడవ అందరికీ హాయిగానే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. అంతసేపూ అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు మరి. అత్తగారిని నేను ఒక్కటే అడిగాను. “బీజీ, ఆ పద్యం ఎవరికి చెప్పింది? భార్యకా, భర్తకా?” ఆవిడ కొడుకు వైపు చూశారు. అతను నేల చూపులు చూస్తున్నాడు.

కాసేపటికి ఆవిడ దారి మార్చారు. చెడు చేసినవాడికి మంచే చెయ్యి, మనసులో కోపం పెట్టుకోకు అన్న సూఫీ సాధువు బాబా ఫరీద్ శ్లోకం ఎత్తుకుని, “కోడలా, మరిచిపో బేటా” అన్నారు. ఇలాంటి చోట నేను మొహమాటపడను. ఫరీద్ ఆ మాట చెప్పింది తన మనసుని తాను చూసుకునేవాడికి, ఎదుటివాళ్ల నోరు మూయించడానికి కాదు. గ్రంథీ గారు నాతో ఇంకా సూటిగా అన్నారు. “క్షమ గొప్పదే. కానీ ఏం జరిగిందో ఆ అమ్మాయికి ఇంకా పూర్తిగా చెప్పనే లేదు. తెలియనిదాన్ని ఏమని క్షమిస్తుంది?”

ఆయన అనుమానం నాకూ ఉన్నదే. ‘ఏమీ జరగలేదు’ అని అంత వత్తి వత్తి చెప్పడం, ఆ నాలుగు నిషేధాల్లో అచ్చంగా ఒక్కదాని మాటలే వాడటం చూస్తే, మనిషి తనకి తాను కేసు వాదించుకుంటున్నట్టుంది. పెద్దలు వచ్చిపోయిన కొన్నాళ్లకి విడి సెషన్‌లో చెప్పాడు. ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు రెండుసార్లు హోటల్లో కలిశారు. ఈ మాట చెప్పడానికి అతను భయపడింది విడాకులకి కాదు. “అమృత్ పోతుంది. పంజ్ ప్యారే ముందు నిలబడాలి. నాన్నగారి పేరు పోతుంది” అన్నాడు. నియమం ఎంత కఠినంగా ఉంటే దాచడం అంత ఎక్కువవుతుందని ఇలాంటి కేసుల్లో చూస్తుంటాను. అందుకు నియమాన్ని తప్పు పట్టను. తప్పు ఒప్పుకోవడాన్ని పరువు పోవడంగా చూసే ఇంటి వాతావరణమే మనిషిని నోరు విప్పనివ్వదు. రంజిత్ సింగ్ అంతటి రాజుని మోరాఁ అనే నర్తకి వ్యవహారంలో అకాలీ ఫూలా సింగ్ సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్‌కి పిలిపించి కొరడా దెబ్బల శిక్ష వేశారని, రాజు తల వంచి నిలబడ్డాడని సిక్కుల ఇళ్లలో చెప్పుకుంటారు. ఈ ఛావనీ వాళ్ల పూర్వీకుల్ని ఇక్కడికి పంపింది ఆ రాజే. ఆ కథ అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. తనకీ వర్తిస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

భార్యకి ఆ నిజం నా గదిలోనే, అతని నోటితోనే చెప్పించాను. ఇలాంటి నిజాన్ని వాయిదాల మీద చెబితే ప్రతిసారీ మొదటి రోజులాగే తగులుతుంది. అందుకే తేదీలు, చోటు, ఎప్పుడు ఆగింది, డబ్బు ఖర్చు, ఆరోగ్య పరీక్షలు అన్నీ ముందు కాగితం మీద రాయించి, ఒకేసారి చెప్పించాను. శరీర వివరాలు రాయించలేదు. అవి అడగాలని ఆమెకి అనిపిస్తుంది, విన్నాక జీవితాంతం వదలవు. ఆమె అంతా విని లేచి వెళ్లిపోయింది. పాపని తీసుకుని లూధియానా వెళ్లింది. పాప సెలవులయ్యేదాకా రాలేదు.

అతను నాందేడ్ వెళ్లాడు. పంజ్ ప్యారే ముందు ఏం జరిగిందన్నది నేను అడగలేదు. మళ్లీ అమృత్ తీసుకుని వచ్చాడు. శిక్షలో భాగంగా ఇచ్చిన ప్రార్థనల పఠనం, సేవ చేస్తున్నానని, మామూలు రోజుల్లో తెల్లవారుజామున ఇక్కడి గురుద్వారాలో భక్తుల బూట్లు తుడుస్తున్నానని ఆమెకి మెసేజ్ పెట్టాడు. దానికి ఆమె ఇచ్చిన జవాబు నాకు చూపించింది. “బూట్లు తుడిచి గురు మహారాజ్ లెక్క తీర్చుకో. నా లెక్క వేరే ఉంది.”

ఈ జవాబు నా పనిని సగం తేలిక చేసింది. మతంలో ప్రాయశ్చిత్తం అయిపోగానే ఇంట్లో కూడా అయిపోయిందనుకుంటారు చాలామంది భర్తలు. మన దగ్గర తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చి, ఇంకా ఏడుస్తావెందుకని పెళ్లాం మీద విసుక్కునేవాళ్లని చూశాను. సేవ వల్ల అతనికి మేలు జరిగింది, కాదనను. సిగ్గుతో కుంగిపోయిన మనిషికి ఒంటితో చేసే పని, అదీ ఎవరూ మెచ్చుకోని పని, మందులాంటిది. ఆమెకి కావాల్సింది మాత్రం వేరు, అది రోజూ ఇంట్లో దొరకాలి.

ఆమె తిరిగొచ్చాక లావాన్ (సిక్కు పెళ్లిలో చదివే నాలుగు పదాలు) దగ్గర మొదలుపెట్టాం. పెళ్లి వీడియో తెమ్మన్నాను. తండ్రి అతని పల్లా (భుజాన వేసుకునే కండువా) చివర తెచ్చి ఆమె చేతిలో పెట్టడం, గురు గ్రంథ్ సాహిబ్ చుట్టూ నాలుగు సార్లు తిరగడం, ఒక్కో లావ్ చదివి తర్వాత పాడటం. చూస్తుండగా ఆమె అంది, “ఆ రోజు ఒక్క ముక్క వినలేదు మేడమ్, లెహంగా బరువు గురించే ఆలోచన.” అతనూ వినలేదట. ‘నాతిచరామి’ అన్న మన పెళ్లికొడుకుల్లో ఎంతమంది విని అన్నారు గనక.

ఈ నాలుగు పదాలూ నాలుగో గురువు రామ్ దాస్ సూహీ రాగంలో రాసినవి. గురు గ్రంథ్ సాహిబ్‌లో 773, 774 అంగ్‌లలో (పేజీల్లో) ఉన్నాయి. గ్రంథీ గారు ఒక హెచ్చరిక చేశారు. ఇవి అసలు జీవుడికీ దేవుడికీ జరిగే పెళ్లి గురించి, వీటిని భార్యాభర్తల మాన్యువల్‌లా వాడొద్దు అని. అక్కడ పెళ్లికూతురు ఇద్దరూను, మగవాడు కూడా. అన్నమయ్య శృంగార కీర్తనలు విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. సిక్కు పెళ్లిలో దేవుడి స్థానం భర్తకి ఇవ్వలేదు. ఈ సంగతి ఆయన నోట విన్నప్పుడు ఆమె మొహం నాకింకా గుర్తుంది. “మరి బీజీ నాకు రోజూ చెప్పేదేంటి?” అంది.

హెచ్చరిక గుర్తుంచుకునే, ఆ నాలుగింటి వరసని మాత్రం వాడుకున్నాం. మొదటి లావ్‌లో సంసారి చేయాల్సిన పనులు, ధర్మాన్ని గట్టిగా పట్టుకోవడం. రెండోదాంట్లో గురువు కలవడం, అహం అనే మురికి పోవడం. మనసులో తపన పుట్టేది మూడో లావ్‌లో. నాలుగోదాంట్లోగాని మనసుకి సహజమైన నెమ్మది రాదు. అతను నాందేడ్ నుంచి రాగానే అడిగింది ఏమిటంటే, “మళ్లీ మామూలుగా ఉందాం” అని. అంటే తిన్నగా నాలుగోదానికి. ఆమె ఆ వరస చూపించి, “ముందు ఒకటోదాంట్లో ఉండు” అంది. నేను చెబితే అతను వాదించేవాడు. గురు మహారాజ్ ముందు తను తిరిగిన వరస కాబట్టి వాదించలేదు.

ఒకటోదాంట్లో మేం పెట్టుకున్నవి చాలా మామూలు పనులు. ఆ అమ్మాయికి ఇద్దరూ చూస్తుండగా ఒక చివరి మెసేజ్, తర్వాత నంబరు బ్లాక్. బెంగళూరు ప్రయాణాలు వేరే వాళ్లకి అప్పగించడం. ఫోన్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఆమె ఎప్పుడడిగితే అప్పుడు చూపించడం. దీనికి ఆరు నెలల గడువు పెట్టాను. గడువు లేకపోతే ఆమె జీవితాంతం కాపలా ఉద్యోగం చేయాలి. సాయంత్రం అరగంట ఆమె ఏ ప్రశ్న వేసినా విసుక్కోకుండా జవాబివ్వడం, ఆ అరగంట దాటాక ఆ విషయం ఇద్దరూ ఎత్తకపోవడం. అత్తగారి ముందు ఈ సంగతి మాట్లాడకూడదన్న షరతు ఆమె పెట్టింది. అన్నయ్యకి ఫోన్‌లో చెప్పకూడదని అతను పెట్టాడు. మొదటిది కొంచెం నిలబడింది, రెండోది నిలబడలేదు.

రెండో లావ్ దగ్గర చాలాకాలం ఆగిపోయాం. అతనికి తప్పు ఒప్పుకోవడం వచ్చింది గానీ, ఆమె మూడోసారి అదే ప్రశ్న అడిగితే గొంతు లేచేది. “చెప్పాను కదా” అనేవాడు. మూడో గురువు అమర్ దాస్ మాట ఒకటి ఆమె ఫ్రిజ్ మీద అంటించింది. కలిసి కూర్చున్నంత మాత్రాన భార్యాభర్తలు కారు, రెండు దేహాల్లో ఒకే జ్యోతి ఉన్నవాళ్లే భార్యాభర్తలు అని. పెళ్లి కార్డుల మీద అందరూ వేసుకునే మాటే. కోపం వచ్చినప్పుడు ఆమె నోటితో ఏమీ అనకుండా ఫ్రిజ్ వైపు చూపించేది. అది అతన్ని దెప్పడానికే వాడుతోందని నాకనిపించి ఆమెకే చెప్పాను. తీసేసింది. తర్వాత కొన్నాళ్లకి అతనే మళ్లీ అంటించాడట.

ఇదంతా చదివి గురుబాణీ ఆ కాపురాన్ని నిలబెట్టిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిలబడిందో లేదో ఇంకా తెలియదు. ఆమె మళ్లీ ఒక స్కూల్లో చేరింది, తన పేరు మీద ఖాతా తెరిచింది, ఒక లాయరుని కలిసి పరస్పర అంగీకార విడాకులకి ఏం కావాలో కనుక్కుని ఆ కాగితాలు ఫైల్లో పెట్టుకుంది. ఇది అతనికి తెలుసు. అత్తగారికి ఇది ఘోరంగా కనిపిస్తోంది. నాకైతే ఆమె ఆ ఇంట్లో ఉండటం ఇప్పుడే సొంత నిర్ణయమైంది. వెళ్లిపోయే దారి తెలిసిన మనిషి ఉండిపోతేనే దానికి విలువ. రహత్ మర్యాద కూడా ఆమెను ఏ మగవాడికీ బానిసగా కట్టిపడేయలేదు. అందులో భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని, డబ్బు తీసుకుని కొడుకుకో కూతురికో పెళ్లి చేయకూడదని ఉంది.

ఆరు నెలల గడువు అయ్యాక ఫోన్ చూడటం ఆమె తనంతట తానే మానేసింది. నిద్ర మందులు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. అతను బూట్ల సేవ మానలేదు, దాని గురించి ఇంట్లో చెప్పడం మాత్రం మానేశాడు. పాపకి ఏం చెప్పాలన్నది మిగిలింది. “నాన్న రోజూ గురుద్వారాకి ఎందుకెళ్తున్నాడు?” అని అడుగుతోందట. నాన్న తప్పు చేశాడు, సరిచేసుకుంటున్నాడు అని మాత్రం చెప్పమన్నాను. వచ్చే సమీక్షలో దాని మీద కూర్చోవాలి. అత్తగారు ఈమధ్య నాతో మాట్లాడటం లేదు. ఫీజు ఎక్కువ తీసుకుంటున్నానని చాచాజీతో అన్నారట.